మీకు తెలుసా? నిప్పురవ్వకు ముహూర్తం

పిస్టను పూర్తిగా పైకి చేరాకే ప్లగ్గు నిప్పు పెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పిస్టను ఇంకా పైకి వస్తుండగానే, గాలినీ పెట్రోలునూ ఇంకా అదుముతుండగానే రవ్వ పడిపోతుంది. మంట గదంతా పాకడానికి కొంత వ్యవధి కావాలి మరి. ఆ వ్యవధి సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో, అంతే. కానీ ఆలోపు ఇంజను ఆగి ఎదురుచూడదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనులో వెయ్యో వంతు సెకనుకే పిస్టను తిప్పే క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. 6,000 చుట్లయితే 36 డిగ్రీలు. పిస్టను కొస దాటి, కిందికి దిగడం మొదలుపెట్టి, క్రాంకు పది పదిహేను డిగ్రీలు తిరిగేసరికి లోపలి ఒత్తిడి అత్యధిక స్థాయికి రావాలి. అప్పుడు పడే తోపే క్రాంకును బాగా తిప్పుతుంది. పన్నెండింటికి భోజనం వడ్డించాలంటే పదకొండింటికే పొయ్యి వెలిగించాలి కదా! ఎంత ముందు వెలిగించాలన్నదే టైమింగు.

మూడు చక్రాల బండికీ ఈ రవ్వకూ చాలా పాత చుట్టరికం ఉందని తెలుసా? 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ద్వారా డి డియాన్ బూటాన్ కంపెనీ మూడు చక్రాల మోటారు బండి ఒకటి జర్మనీలో రాబర్ట్ బాష్ వర్క్‌షాపుకు చేరింది. అప్పటిదాకా రవ్వ పుట్టించే బాష్ మాగ్నెటోలు ఒక్కచోట నిలబడి నెమ్మదిగా నడిచే ఇంజన్లకే పనికొచ్చేవి. ఈ చిన్న ఇంజనేమో నిమిషానికి 1,800 చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంతో బరువైన ఆర్మేచరు ఊగలేదు. అక్కడ పనిచేసే ఆర్నాల్డ్ జారింగర్ దాన్ని కదలకుండా ఉంచి, దాని చుట్టూ ఒక తేలికైన లోహపు తొడుగును ఊపించాడు. బాష్ మాగ్నెటో బండెక్కడం అదే మొదలు.

ముప్పావు శతాబ్దం తర్వాత ఇంకో మూడు చక్రాల బండి వచ్చింది. చలికాలంలో మోటార్‌సైకిళ్ల అమ్మకాలు పడిపోతున్నాయి, మంచులోనూ నడిచే బండి ఏదైనా కావాలని 1967లో హోండాను అమెరికా విభాగం అడిగింది. ఒసాము తకేయుచి అనే ఇంజనీరు లావుపాటి 22 అంగుళాల బెలూను టైర్లు మూడు పెట్టి, 89 సీసీ ఇంజను అమర్చి బండి తయారు చేశాడు. 1970లో అమ్మకానికొచ్చినప్పుడు దాని పేరు యూఎస్90. తర్వాత అదే ఏటీసీ90 అయింది. శక్తి 7 హెచ్‌పీ, ధర 595 డాలర్లు. ఆ మరుసటి ఏడే 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' సినిమాలో జేమ్స్ బాండ్ ఛేజింగులో కనిపించింది. మూడు చక్రాలు కావడంతో ఇలాంటి బండ్లు తేలిగ్గా పల్టీ కొట్టేవి. ఎందరో పిల్లలు గాయపడ్డారు, ప్రాణాలు పోయాయి. 1988లో తయారీదారులు అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంతో వాటి అమ్మకం ఆగిపోయి, నాలుగు చక్రాల ఏటీవీలే మిగిలాయి.

ఇంత దూరపు బండితో మనకేం పని అంటారా? హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో మట్టి రేపుకుంటూ తిరిగే 110 సీసీ ఏటీవీల్లో చాలావాటికి ఉన్నది హోండా కబ్ నమూనాలో చేసిన, సిలిండరు ముందుకు పడుకుని ఉండే ఇంజనే. మన ఇంటి ముందున్న స్ప్లెండర్ ఇంజనుదీ అదే వంశం. దాని ఎడమవైపు కవరు మీద పెద్దదొకటి, చిన్నదొకటి రెండు మూతలు కనిపిస్తాయి. పెద్దది తీస్తే క్రాంకును తిప్పే నట్టు. చిన్నది తీస్తే లోపల తిరిగే చక్రం అంచు. ఆ చిన్న కిటికీలోంచే ఇంజను తన గుట్టు చెబుతుంది.

కిటికీలోంచి చూస్తూ క్రాంకును మెల్లగా చేత్తో తిప్పితే చక్రం అంచు మీద రెండు అక్షరాలు వస్తాయి, పక్కనే ఒక్కో గీత. 'టి' అంటే పిస్టను పైకొసకు చేరిన చోటు. 'ఎఫ్' అంటే ఫైర్, అంటే రవ్వ పడాల్సిన చోటు. కిటికీ అంచున కదలని గాడి ఒకటి ఉంటుంది. ఇంజను మామూలుగా తిరిగే దిశలో తిప్పినప్పుడు ముందు ఎఫ్ గీత ఆ గాడికి ఎదురొస్తుంది, ఆ తర్వాతే టి. నిప్పు ముందు, కొస తర్వాత అన్న సంగతిని ఇనుము మీదే రాసిపెట్టారన్నమాట. చాలా ఇంజన్లలో ఎఫ్ కంటే ముందే జంట గీతలు కూడా వస్తాయి. వేగం పెరిగినప్పుడు రవ్వ అక్కడికి జరగాలి.

వాల్వుల టాపెట్లు సరిచేసేవాళ్లకు ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో టి గీత ఒక్కో ఆవృత్తానికి రెండుసార్లు గాడికి ఎదురొస్తుంది. ఒకసారి గాలిని అదిమి పైకి వచ్చినప్పుడు, ఇంకోసారి పొగను బయటికి తోసి పైకి వచ్చినప్పుడు. టాపెట్లకు మొదటిదే కావాలి. ప్లగ్గు తీసి రంధ్రం మీద వేలు పెడితే, గాలి వేలిని తోసుకుని వచ్చేది ఏదో తెలిసిపోతుంది. రవ్వకు మాత్రం ఆ పట్టింపు లేదు. చక్రం మీది అయస్కాంతం నుంచే సంకేతం అందుకునే ఇంజన్లలో ప్రతి చుట్టుకూ రవ్వ పడుతుంది. పొగ బయటికి పోయే వేళ పడేది వృథా. ఆ వృథా రవ్వ వల్ల హాని లేదు సరికదా, దాన్ని ఆపడానికి వేరే పళ్ల చక్రాలూ మీటలూ పెట్టే ఖర్చు తప్పింది.

మరి నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం మీద చిన్న అక్షరాన్ని చదవడం ఎలా? రవ్వ పడిన ప్రతిసారీ ఒక్కసారి మెరిసే దీపంతో. దాన్నే టైమింగ్ లైట్ అంటారు. దాని పటకారును ప్లగ్గు తీగకు తగిలిస్తే, తీగలో కరెంటు పోయినప్పుడల్లా దీపం మెరుస్తుంది. చక్రం ఎప్పుడూ ఒకే చోట ఉన్నప్పుడే వెలుగు పడుతుంది కాబట్టి కంటికి అది ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఆ ఎఫ్ అక్షరం మొదటిసారి నా కళ్ల ముందు అలా నిశ్చలంగా నిలబడినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. ఇంజను గర్జిస్తూనే ఉంటుంది, అక్షరం మాత్రం పుస్తకంలో అచ్చయినంత స్పష్టంగా ఉంటుంది. ఈ విద్యుత్ మెరుపు దీపాన్ని విస్తృత వాడుకలోకి తెచ్చినవాడు అమెరికాలో ఎంఐటీకి చెందిన హెరాల్డ్ ఎడ్గర్టన్. 1930ల తొలినాళ్లలో పెద్ద మోటార్లు తిరిగే తీరును చూడటానికి దాన్ని వాడాడు. పాల చుక్క పడి కిరీటంలా లేచిన ప్రసిద్ధ ఛాయాచిత్రం, 1957 నాటిది, ఆయనదే.

ఇంట్లో పాత ట్యూబ్‌లైటు కింద ఫ్యాను ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం గుర్తుందా? అదీ ఇదే సూత్రం. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద పాత ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. అందుకే టైమింగ్ లైట్ పట్టుకున్నప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆగినట్టు కనిపిస్తున్న చక్రం ఆగలేదు. కిటికీ లేకుండా చక్రం బయటికి కనిపించే ఇంజన్లలో అది చేతివేళ్ల మీదికి వచ్చే మోసం. చొక్కా చేతులు మడవండి, మెడలో తువ్వాలు తీసేయండి.

పనికి దిగేముందు ఇంజను వేడెక్కాలి, ఐడిల్ వేగం పుస్తకంలో చెప్పినంత ఉండాలి. షట్టరు మూసిన గదిలో కాదు, ఆరుబయట చూడాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. తాడు లాగి స్టార్టు చేసే చిన్న బండ్లకు బ్యాటరీ ఉండకపోవచ్చు. లైటుకు 12 వోల్టులు కావాలి కాబట్టి పక్కన కారు బ్యాటరీ పెట్టుకోవచ్చు. పటకారు మీద బాణం గుర్తు ఉంటే అది ప్లగ్గు వైపు చూడాలి. ఎఫ్ గీతకు కాస్త వైట్‌నరు పూస్తే మెరుపులో తెల్లగా కనిపిస్తుంది. కన్ను గాడికి నిటారుగా ఉండాలి. పక్కనుంచి చూస్తే గీత ఉన్నచోటు కాక ఇంకోచోట కనిపిస్తుంది. గడియారం ముల్లును పక్కనుంచి చూస్తే నిమిషం తేడా వచ్చినట్టే.

ఐడిల్‌లో ఎఫ్ గీత గాడికి ఎదురుగా నిలబడిందనుకుందాం. ఇప్పుడు యాక్సిలరేటరు మెల్లగా పెంచండి. గీత కదులుతుంది, అయితే చక్రం తిరిగే దిశకు ఎదురు దిశలో! రవ్వ ఇంకా ముందే పడుతోంది కాబట్టి, మెరుపు పడే క్షణానికి చక్రం అంత దూరం వచ్చి ఉండదు. ఎఫ్ పక్కకు తప్పుకుని, జంట గీతలు వచ్చి గాడి దగ్గర ఆగుతాయి. ఇంకా వేగం పెంచినా అవి అక్కడి నుంచి పెద్దగా జరగవు. ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ లోపల గాలి సుడులు తిరగడం కూడా పెరుగుతుంది, ఆ సుడుల్లో మంటా వేగంగా పాకుతుంది. కాబట్టి రవ్వను అంతులేకుండా ముందుకు జరపాల్సిన అవసరం ఉండదు. గీతలు అసలు కదలకపోతేనో, వణుకుతూ అటూ ఇటూ గెంతుతుంటేనో రవ్వను జరిపే భాగంలో లోపం ఉన్నట్టే.

చక్రం అడ్డుకొలత 115 మిల్లీమీటర్లయితే దాని చుట్టుకొలత దాదాపు 361 మిల్లీమీటర్లు. అంటే అంచు మీద ఒక మిల్లీమీటరు అంటే ఇంచుమించు ఒక డిగ్రీ! కొలిచే సాధనం లేనప్పుడు బడిపిల్లల స్కేలుతోనే లెక్క చెప్పొచ్చు. లావుపాటి సుద్దతో గీస్తే ఆ గీత మందమే రెండు మూడు డిగ్రీలు తినేస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి. గీత సరిగ్గా గాడి దగ్గర నిలబడినా టైమింగు తప్పే అవకాశం ఉందని తెలుసా? ఆ గీత చక్రం మీద ఉంది. పిస్టను ఉన్నది క్రాంకుకు. చక్రానికీ క్రాంకుకూ మధ్య సరైన స్థానం చూపేది అర్ధచంద్రాకారంలో ఉండే ఒక చిన్న ఇనుప ముక్క, హాఫ్‌మూన్ కీ. దీనికి 1887లో అమెరికాలో పేటెంటు తీసుకున్న వుడ్రఫ్ పేరే పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి చక్రాన్ని పట్టి ఉంచేది ఈ కీ కాదు. కోసుగా చెక్కిన షాఫ్టు మీద చక్రాన్ని నట్టు బిగిస్తుంది, ఆ బిగువే పట్టు. కీ పని చక్రం ఎక్కడ కూర్చోవాలో చూపడం మాత్రమే. నట్టు వదులైతే బరువంతా పాపం ఆ ముక్క మీద పడుతుంది, అది తెగుతుంది. షాఫ్టు మందం 20 మిల్లీమీటర్లనుకోండి. కీ ఒక్క మిల్లీమీటరు ఒరిగితే చాలు, చక్రం దాదాపు 6 డిగ్రీలు తప్పిపోతుంది. రవ్వకు సంకేతం చక్రం మీది అయస్కాంతం నుంచే వస్తుంది, గీత కూడా చక్రం మీదే ఉంది. రెండూ కలిసే జరిగాయి కాబట్టి టైమింగ్ లైట్ 'అంతా బాగుంది' అనే చెబుతుంది!

మా ఊళ్లో ఒక చిన్న షెడ్డులో ఇదంతా దగ్గర నుంచి చూశాను. బండి స్టార్టు కాదు, అయితే సైలెన్సరులో టపటపమంటుంది, కిక్కు కొడితే ఎదురు తంతుంది. కార్బొరేటరు మూడుసార్లు విప్పి కడిగారు, ప్లగ్గు మార్చారు, రవ్వను పంపే ఎలక్ట్రానిక్ పెట్టె సీడీఐ కూడా మార్చారు. చివరికి ఒక పెద్దాయన పుల్లరు వేసి మాగ్నెట్ ఊడదీశాడు. మన షెడ్లలో ఆ చక్రాన్ని మాగ్నెట్ అనే అంటారు. కీ రెండు ముక్కలై ఉంది. ఇంత ఖర్చుకు కారణం వేలి గోరంత ముక్క. ఆయన కొత్త కీ వేసి ఊరుకోలేదు. షాఫ్టు కోసునూ, చక్రం లోపలి కోసునూ నూనె చుక్క లేకుండా తుడిచి, ఆరబెట్టి, అప్పుడు బిగించాడు. ఆ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. కోసు మీద నూనె గానీ తుప్పు గానీ ఉంటే పట్టు కుదరక కొత్త కీ కూడా తెగుతుంది.

గీతను నమ్మేముందు గీతనే పరీక్షించే మార్గం ఉంది. పిస్టను నిజంగా పైకొసకు ఎప్పుడు చేరిందో కనుక్కోవాలి. ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి, అది ఎక్కడ ఆగితే అదే కొస అనుకోవడం మనవాళ్ల అలవాటు. ఇందులో పొరపాటుకు తావుంది. కొస దగ్గర పిస్టను దాదాపు నిలబడిపోతుంది. స్ట్రోకు 50 మిల్లీమీటర్లున్న చిన్న ఇంజనులో క్రాంకు కొసకు 5 డిగ్రీల ఇవతల ఉన్నా పిస్టను తగ్గేది మిల్లీమీటరులో పదో వంతు చిల్లరే. పుల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? అందుకని ఇలా చేస్తారు. పాత ప్లగ్గు ఒకటి బోలుగా చేసి, దాన్లోంచి ఒక బోల్టు దించి, పిస్టను కొసకు చేరకముందే దానికి తగిలి ఆగేలా బిగిస్తారు. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ఒకవైపు తిప్పి, ఆగిన చోట గాడికి ఎదురుగా గుర్తు పెడతారు. తర్వాత రెండోవైపు తిప్పి ఇంకో గుర్తు. ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్యనున్నదే పైకొస. టి గీత అక్కడే ఉంటే చక్రం తప్పలేదు, లేకపోతే కీ చూడాల్సిందే. ఈ పని సెల్ఫ్ స్టార్టరుతో మాత్రం చేయకూడదు, పిస్టనుకు చిల్లు పడుతుంది.

రెండు స్ట్రోకుల డర్ట్ బైకుల్లో టైమింగును డిగ్రీల్లో కాక మిల్లీమీటర్లలో చెప్పే సంప్రదాయం ఉంది. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, పిస్టను కొసకు ఇంత దూరంలో ఉండగా రవ్వ పడాలి అంటారు. 50 మిల్లీమీటర్ల స్ట్రోకున్న ఇంజనులో 20 డిగ్రీలంటే సుమారు 1.9 మిల్లీమీటర్లు.

విడిపోయినప్పుడు రవ్వ పడేలా చేసే పాయింట్లున్న పాత బండ్లలో ఒక వరస తప్పకూడదు. ముందు ఫీలర్ గేజ్‌తో పాయింట్ గ్యాప్, తర్వాతే టైమింగు. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోయి రవ్వ ముందుకు జరుగుతుంది. క్యామ్‌కు రాసుకునే ఫైబరు మడమ అరిగితే గ్యాప్ తగ్గి రవ్వ వెనకబడుతుంది. టైమింగు సరిచేశాక గ్యాప్ ముట్టుకుంటే చేసిన పనంతా వృథా. లైటు లేని రోజుల్లో పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ చక్రం తిప్పేవాళ్లు. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. ఎఫ్ గీత అప్పుడు గాడి దగ్గర ఉండాలి. ఆ చేతుల నేర్పుకు దండం పెట్టాలి.

రవ్వ ముందుకు జరిగిపోతే కిక్కు కాలిని ఎదురు తంతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గలగల చప్పుడొస్తుంది, చివరికి పిస్టను నెత్తి కరుగుతుంది. వెనకబడితే బండి లాగదు, సైలెన్సరు పైపు విపరీతంగా కాలుతుంది. ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగు కింద ఎడమవైపు మీట అచ్చంగా రవ్వ కోసమే ఉండేది. హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేముందు దాన్ని వెనక్కి పెట్టడం మరిచిపోయినవాళ్లకు మణికట్లు విరిగేవి.

సీడీఐ వచ్చాక చాలా బండ్లలో టైమింగు మార్చడానికి వీల్లేదు, చూడటానికే వీలుంది. మార్చలేనప్పుడు చూడటం ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. జ్వరం తగ్గించలేకపోయినా థర్మామీటరు పనికొస్తుంది కదా! గీత తప్పిందంటే పికప్ కాయిలు వదులైందో, వేరే బండి సీడీఐ వేశారో, మాగ్నెట్ వేరేదో తెలుస్తుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కూడా ఈ పాఠం మట్టిలోనే నేర్చుకుంటున్నారు. 1976లో అమెరికాలో మొదలై, 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో మన దేశానికీ వచ్చిన బాహా పోటీలో విద్యార్థులు ఒక్క మనిషి కూర్చునే మట్టిబండిని తామే కడతారు. తెలుగు రాష్ట్రాల జట్లూ వెళ్తుంటాయి. చాలా ఏళ్లు అందరికీ ఒకే రకం ఇంజను, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి 10 హెచ్‌పీది. దాన్లో మార్పులు చేయకూడదు. అలాంటి ఇంజన్లలో రవ్వ వేళను నిర్ణయించేది చక్రంలోని అయస్కాంతం, దాని పక్కన కూర్చున్న కాయిలు. ఆ రెంటి మధ్య సందు సరిచేయడానికి విజిటింగ్ కార్డు ఒకటి దూర్చి, కాయిలును బిగించి, కార్డు లాగేస్తారు. వాటి కీ మెత్తటి లోహంతో చేసింది. క్రాంకు ఒక్కసారిగా ఆగిపోతే దాన్ని కాపాడటానికి కీ తానే తెగిపోతుంది.

పరీక్ష అయ్యాక ఆ చిన్న మూతను తేలిగ్గా తీసుకోకండి. దాని చుట్టూ ఉండే రబ్బరు ఓరింగు గట్టిపడి పగిలి ఉంటే మార్చండి, కొత్తదానికి చుక్క ఇంజనాయిలు రాయండి. కవరు మరలు అల్యూమినియంవి, మూతను వేళ్లతోనే సూటిగా పట్టించి, చివర్లో నాణెంతో కొద్దిగా మాత్రం బిగించండి. వాగు దాటే బండికి బురదనీళ్లు లోపలికి చేరే దారుల్లో ఆ కిటికీ ఒకటి.